క్వీన్ వీధి చివరి మజిలీ: టొరంటో సరస్సు తీరాన ఒక పేట ఎలా పుట్టింది?

పాత టొరంటో నగరానికి తూర్పు అంచున, ఒంటారియో సరస్సు ఒడ్డున 'బీచ్' అనీ 'బీచెస్' అనీ పిలిచే ఒక పాత పేట ఉంది. నగరం నడిబొడ్డున 501 నంబరు ట్రామ్ ఎక్కితే అది క్వీన్ వీధి వెంట తూర్పుకు సాగి, నెవిల్ పార్క్ దగ్గర గుండ్రంగా తిరిగి మళ్లీ పడమటి దారి పడుతుంది. ఆ దారిలో చివరి రెండు మూడు కిలోమీటర్లే ఆ పేటకు బజారు. రెండంతస్తులు, మూడంతస్తులు మించని ఇటుక కట్టడాలు, కింద దుకాణం, పైన అద్దె ఇల్లు, మధ్యలో ట్రామ్ పట్టాలు. బజారుకు దక్షిణాన బీచ్ (ఇక్కడ తీరం కాదు, ఒక చెట్టు), బాల్సమ్, సిల్వర్ బర్చ్, విల్లో వంటి చెట్ల పేర్లు పెట్టుకున్న సన్నని వీధులు సరస్సు వైపు దిగుతాయి. వాటి చివర ఇసుక, ఇసుక పక్కన చెక్కలు పరిచిన నడకదారి, ఆ పైన నీళ్లు.

ఇక్కడ రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. తీరం మీద బతికే ఊరికి ప్రధాన వీధి తీరం వెంటే ఉండాలి కదా, ఇక్కడ అది ఐదు నిమిషాల నడక దూరంలో ఎందుకు ఉంది? గజం నేల బంగారంలా పలికే టొరంటోలో, సరస్సుకు ఎదురుగా ఉన్న ఇంత పొడవైన ఒడ్డు ప్రైవేటు బంగళాల పాలు కాకుండా అందరికీ ఎలా మిగిలింది? ఈ పేట గురించి రాసేవారిలో చాలామంది 'పల్లెటూరి వాతావరణం' అనే మాటతో సరిపెడతారు. అది నన్ను తృప్తిపరచదు. ఈ పేటకు ఈ రూపం రావడం వెనుక సరస్సు స్వభావమూ ఉంది, ట్రామ్ కంపెనీల లెక్కలూ ఉన్నాయి, ప్రజాధనంతో నేల కొన్న నగరపాలకుల నిర్ణయాలూ ఉన్నాయి. వీటిని విడివిడిగా చూస్తే తప్ప వీధి అర్థం కాదు.

ముందు ఇసుక సంగతి. ఒంటారియో సరస్సు మంచినీటిదే అయినా దాదాపు 19,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం ఉన్నది కాబట్టి దాని అలలు సముద్రపు అలల్లాగే ఒడ్డును కోయగలవు. పేటకు తూర్పున స్కార్‌బరో కొండచరియలు ఉన్నాయి. హిమయుగం చివరలో పేరుకున్న మట్టి, ఇసుక పొరలవి. కొన్నిచోట్ల 90 మీటర్ల ఎత్తు లేస్తాయి. తూర్పు గాలికి లేచే అలలు ఆ చరియలను కోసి, ఆ ఇసుకను ఒడ్డు వెంట పడమటికి మోసుకుపోయేవి. ఈ పేట తీరం ఆ ఇసుక ఆగిన చోటు. మరింత పడమటికి పోయిన ఇసుక పొడవైన తిన్నెగా పేరుకుంది. 1858 తుపాను ఆ తిన్నెను తెంచడంతో నేటి టొరంటో దీవులు ఏర్పడ్డాయి. అంటే ఈ తీరం స్థిరమైన నేల కాదు. తూర్పు నుంచి ఇసుక వస్తూ ఉంటేనే అది నిలుస్తుంది. రాక తగ్గినా, నీటి మట్టం పెరిగినా కోతకు గురవుతుంది. ఇలాంటి చోట ఒడ్డునే బజారు కట్టుకోవాలనుకున్నా, దాన్ని నిలుపుకోవడం కష్టం.

ఇక దారి సంగతి. వలస పాలకులు టొరంటో ప్రాంతాన్ని మిసిసాగా అనే మూలవాసుల నుంచి 1787లో ఒకసారి, ఆ లావాదేవీ చెల్లుబాటుపై సందేహాలు రావడంతో 1805లో మరోసారి కొన్నట్టు పత్రాలు రాసుకున్నారు. ఆ మధ్యలోనే, 1793లో, పెన్సిల్వేనియా నుంచి శారా ఆష్‌బ్రిడ్జ్ అనే వితంతువు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినామె, పిల్లలతో వచ్చి ఇక్కడికి కొంచెం పడమరన స్థిరపడింది. ఆమె వంశస్థులు అదే నేల మీద రెండు వందల ఏళ్లకు పైగా, 1997 దాకా నివసించారు. వారి ఇల్లు ఇప్పటికీ క్వీన్ వీధి మీదే ఉంది. పక్కనున్న బురద మడుగుకు ఆ కుటుంబం పేరే స్థిరపడింది.

ఆ రోజుల్లో తూర్పుకు వెళ్లే రహదారి కింగ్‌స్టన్ రోడ్డు. బళ్లు, ఉత్తరాలు, సైనికులు, అన్నీ దాని మీదే. వుడ్‌బైన్ దగ్గరకు వచ్చేసరికి ఆ రోడ్డు ఈశాన్యానికి మళ్లి, సరస్సుకు దూరంగా ఎత్తు మీదికి ఎక్కిపోతుంది. క్వీన్ వీధి మాత్రం అక్కడ దాని నుంచి విడిపోయి, తూర్పుకు నేరుగా సాగి, కొంత దూరం పోయాక ఆగిపోతుంది. నా దృష్టిలో ఈ చీలికే పేట చరిత్రలో కీలకం. దూరప్రయాణాల రద్దీ అంతా కింగ్‌స్టన్ రోడ్డు మోసింది. క్వీన్ వీధి తూర్పు కొస మీదుగా మరో ఊరికి పోవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. అక్కడికి వచ్చేవారు ఆ పేటకే వచ్చేవారు. ఏ ఊరికీ పోని దారి కావడం వల్లనే అది లారీల రోడ్డుగా మారలేదు, విశాలం చేయాలన్న ఒత్తిడి కూడా అంతగా దాని మీద పడలేదు.

1870ల దాకా ఇది పొలాలు, అడవి, చేపలు పట్టేవారి గుడిసెలు ఉన్న చోటు. ఆ దశాబ్దం చివర ఒక్కసారిగా విడిదిగా మారింది. 1876లో న్యాయమూర్తి ఆడమ్ విల్సన్ బామీ బీచ్ అనే భాగాన్ని వేసవి ఇళ్ల స్థలాలుగా విభజించాడు. 1878లో తూర్పు కొసన విక్టోరియా పార్కు వెలిసింది. నగరం రేవు నుంచి ఆవిరి పడవలు జనాన్ని అక్కడికి చేర్చేవి. 1879లో జోసెఫ్ విలియమ్స్ అనే రైతు తన పొలాన్ని 'కెనడియన్ క్యూ గార్డెన్స్' పేరుతో విహారస్థలంగా తెరిచాడు. లండన్‌లోని ప్రఖ్యాత ఉద్యానం పేరు మీద ఆయనకు ఎంత మక్కువంటే కొడుకుకు కూడా క్యూ అని పేరు పెట్టుకున్నాడు. విలియమ్స్ తోటలో మద్యం నిషిద్ధం. మజ్జిగ, పండ్లు, ఆటపాటలు ఉండేవి. వేసవిలో కుటుంబాలు వచ్చి డేరాలు వేసుకుని వారాల తరబడి గడిపేవి. డేరాల చోట చెక్క ఇళ్లు వచ్చాయి. తర్వాత ఆ చెక్క ఇళ్లకే గోడలు మందం చేసుకుని, పొయ్యిలు పెట్టించుకుని, చలికాలం కూడా ఉండిపోయినవారు ఈ పేటకు తొలితరం శాశ్వత నివాసులు.

డేరాల విడిది శాశ్వత పేటగా మారడానికి ట్రామ్ కావలసి వచ్చింది. అయితే ఆ ట్రామ్ ఆదివారం నడిచేది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు టొరంటో కట్టుదిట్టమైన ప్రొటెస్టంట్ నగరం. విశ్రాంతి దినాన ట్రామ్ నడపడం పాపమని చర్చి పెద్దల వాదన. కార్మికుడికి సెలవు దొరికేది ఆ ఒక్క రోజే. ఆ రోజే బండి లేకపోతే, సొంత గుర్రపు బగ్గీ ఉన్నవాడికి తప్ప ఇతరులకు తీరం అందేది కాదు. ఈ విషయం మీద నగరం పలుమార్లు ఓటు వేసింది. చివరకు 1897లో స్వల్ప ఆధిక్యంతో ఆదివారపు ట్రామ్ గెలిచింది. ఆ పేట చరిత్రలో ఇంతకంటే పెద్ద మార్పు తెచ్చిన ఓటు లేదని నా అభిప్రాయం. తీరం కలవారి విడిదిగా మిగిలిపోకుండా కూలి మనుషుల ఆటవిడుపు అయింది అప్పటి నుంచే.

ట్రామ్ కంపెనీ ఉద్దేశం జనసేవ కాదు. పనిదినాల్లో ఉదయం సాయంత్రం నిండే బళ్లు మిగతా వేళల్లో, సెలవుల్లో ఖాళీగా తిరుగుతాయి. విద్యుత్తు, సిబ్బంది ఖర్చు మాత్రం తప్పదు. అందుకని ఉత్తర అమెరికాలోని ఎన్నో నగరాల్లో ట్రామ్ కంపెనీలు తమ పట్టాల చివర వినోద ఉద్యానాలను పోషించేవి. వినోదం చవకగా ఇచ్చి టికెట్టు మీద రాబట్టుకోవడం ఇందులో కిటుకు. టొరంటో రైల్వే కంపెనీ 1896 నుంచి మన్రో పార్కును అలాగే నడిపింది. విక్టోరియా పార్కు, మన్రో పార్కు రెండూ 1906తో ముగిశాయి. మరుసటి ఏడాదే వాటిని తలదన్నేలా స్కార్‌బరో బీచ్ ఉద్యానం తెరుచుకుంది. ఎత్తు నుంచి నీళ్లలోకి జారే పడవలు, కొండల మీద తిరిగినట్టు తిరిగే బొమ్మ రైలు, వాద్యబృందాలు, లక్రాస్ ఆడే మైదానం, రాత్రిపూట వేలాది విద్యుద్దీపాలు. 1909 సెప్టెంబరులో చార్లెస్ విలర్డ్ అనే వైమానికుడు అక్కడి నుంచి విమానం లేపి జనానికి చూపించాడు. అది సరస్సులో దిగవలసి రావడం కూడా ప్రేక్షకులు చూశారు.

క్వీన్ వీధిని నిలబెట్టింది ఈ రాకపోకలే. పట్టాల వెంట స్థలాలు సన్నగా, లోతుగా విభజించారు. ముందుభాగం ఎంత తక్కువైతే అన్ని ఎక్కువ దుకాణాలు ట్రామ్ దిగినవారి కంటపడతాయి. 1905లో గడియారపు గోపురంతో అగ్నిమాపక కేంద్రం కట్టారు. 1914లో ఒక చిన్న సినిమా హాలు తెరుచుకుంది. మొదట దానికి పేరే పెట్టలేదు. 1937 నుంచి 'ఫాక్స్' అనే పేరుతో నడుస్తున్న ఆ హాలు కెనడాలో ఎడతెగకుండా సినిమాలు ఆడుతూ వచ్చిన అతిపాత హాళ్లలో ఒకటి.

1916లో వచ్చిన గ్రంథాలయం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ నిధి నుంచి టొరంటోకు 50,000 డాలర్లు వస్తే నగరం వాటితో ఒకే నమూనాలో మూడు శాఖలు కట్టింది, వాటిలో ఇదొకటి. అప్పటి కార్నెగీ గ్రంథాలయాలు చాలావరకు గ్రీకు స్తంభాలతో గుడిలాగా ఉండేవి. ఇక్కడ ఈడెన్ స్మిత్ సంస్థ పాత ఇంగ్లండు బడిని తలపించే ఇటుక కట్టడం వేసింది. లోపల పైకప్పు దూలాలు బయటికే కనిపిస్తాయి. పెద్ద చదువుల గది మేడమీద ఉంది. ఇది క్యూ గార్డెన్స్ పార్కును ఆనుకుని నిలిచింది. దుకాణాల వరుస ఒక్కసారిగా తెగి, చెట్లూ పచ్చికా కనబడే చోటది. ఆ పచ్చిక వాలు వెంట చూస్తే సరస్సు వైపు దారి తెలుస్తుంది. బజారుకూ తీరానికీ కలయిక కుదిరింది అక్కడే.

ఆ కలయిక తనంతట తాను కుదరలేదు. విలియమ్స్ కుటుంబపు తోటను 1907లో నగరం కొనుగోలు చేసి ప్రజా ఉద్యానంగా మార్చింది. అంతకుముందే, 1903లో, బామీ బీచ్ ముందరి నేల చట్టం ద్వారా ప్రజలకు దక్కింది. అక్కడ 1905లో పుట్టిన క్రీడా సంఘం తర్వాత కెనడా ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన గ్రే కప్పును 1927లో, 1930లో గెలిచింది. కానీ ఈ రెండు ముక్కల మధ్య ఒడ్డు పొడవునా ఇళ్లు ఉండేవి. వాటిని తుపానులు కొట్టుకుపోయేవి. ఒక్క చలికాలంలో ముందు పెరడు మాయమైన ఇళ్లు ఉన్నాయి. 1911లో ఏర్పడిన టొరంటో హార్బర్ కమిషన్ మరుసటి ఏడాది మొత్తం సరస్సు తీరానికి ఒక ప్రణాళిక ప్రకటించింది. తూర్పు తీరానికి అందులో కేటాయించిన పని ఉద్యానం, నడకదారి. అమలుకు రెండు దశాబ్దాలు పట్టింది. నేలను కొని, ఇళ్లను తీయించి, కోతను ఆపడానికి నీళ్లలోకి అడ్డుగోడలు కట్టి, 1932 మే నెలలో తీర ఉద్యానాన్ని తెరిచారు.

తీయించిన వాటిలో పడకుండా బతికిన ఇల్లు ఒకటి క్యూ విలియమ్స్ 1902లో పెళ్లికూతురి కోసం సరస్సు రాళ్లతో కట్టించినది. గుండ్రని బురుజు, చుట్టూ వరండా ఉన్న ఆ ఇంటిని తోటమాలి నివాసంగా ఉంచేశారు. ఒడ్డున 1920లో కట్టిన 'ల్యూటీ' అనే ప్రాణరక్షణ కేంద్రం కూడా నిలిచింది. తెల్లని చెక్క గోడలు, పైన చిన్న గస్తీ గోపురం ఉన్న ఆ గుడిసె నుంచి పనిచేసిన గజ ఈతగాళ్లు వేలమందిని మునిగిపోకుండా కాపాడారు.

స్కార్‌బరో బీచ్ ఉద్యానం విషయంలో మాత్రం నగరం చేయి చాపలేదు. 1921లో ట్రామ్ వ్యవస్థ ప్రజల చేతికి, అంటే టొరంటో ట్రాన్స్‌పోర్టేషన్ కమిషన్‌కు వచ్చింది. కమిషన్‌కు వినోద వ్యాపారం అక్కరలేదు. 1925లో ఉద్యానం మూతపడి, స్థలం ఇళ్ల వ్యాపారుల చేతికి పోయింది. నేడు క్వీన్ వీధికి దక్షిణాన ఒకే తీరు ఇటుక ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు వరుసగా కనబడే భాగం అదే. అప్పటికి మోటారు కారు వచ్చేసింది. కారున్నవాడు మరింత దూరపు సరస్సులకు పోవడం మొదలుపెట్టాడు. విడిది కాలం ముగిసి, పేట పూర్తిగా నివాసప్రాంతమైంది.

ఇక్కడే ఒక చేదు అధ్యాయం ఉంది. పేట చరిత్ర చెప్పేటప్పుడు దీన్ని దాటవేయడం న్యాయం కాదు. ప్రజల సొమ్ముతో తీరం అందరిదైన మరుసటి ఏడాదే, 1933 వేసవిలో, స్థానిక యువకులు కొందరు స్వస్తిక క్లబ్బులు పెట్టి, జర్మనీ నాజీల గుర్తును చొక్కాలకు తగిలించుకుని నడకదారి మీద ఊరేగారు. మురికి చేస్తున్నారని, గోల చేస్తున్నారని పైకి చెప్పిన కారణాలు ఏవైనా, వారి గురి నగరం మధ్య నుంచి ట్రామ్ ఎక్కి సెలవురోజు గడపడానికి వచ్చే యూదు కుటుంబాలు. నగర మేయరు కల్పించుకోవలసి వచ్చింది. పేటలో రాజీ కుదిరినట్టు కనిపించినా, ఆ ఆగస్టు 16న నగరంలోని మరో చోట, క్రిస్టీ పిట్స్ మైదానంలో బేస్‌బాల్ ఆట దగ్గర స్వస్తిక జెండా ఎగరేయడంతో గంటల తరబడి కొట్లాట జరిగింది. నేల చట్టప్రకారం అందరిదైనా, పక్కన కాపురముండేవారు దాన్ని తమ పెరడుగా భావిస్తే ఏమవుతుందో ఆ వేసవి చూపించింది.

యుద్ధకాలంలో తూర్పు కొసకు మరో రూపం వచ్చింది. పాత విక్టోరియా పార్కు స్థలంలో, 1932లో మొదలుపెట్టిన నీటిశుద్ధి కేంద్రం 1941 నవంబరులో పని ప్రారంభించింది. నగర పనుల కమిషనర్ ఆర్. సి. హ్యారిస్ పట్టుదల వల్ల అది కేవలం పంపుల షెడ్డుగా మిగలలేదు. పాలరాయి గోడలు, ఇత్తడి తలుపులు, ఎత్తైన హాళ్లతో రాజప్రాసాదంలా లేచింది. ఆర్థికమాంద్యపు రోజుల్లో ఇంత ఆడంబరం ఎందుకని విమర్శలు వచ్చాయి. అయితే ఇప్పటికీ నగరానికి తాగునీటిలో పెద్ద వాటా అక్కడి నుంచే వస్తుంది.

ఆ తర్వాత ముంచుకొచ్చిన ముప్పు కారు రూపంలో వచ్చింది. నగరం నడిబొడ్డు మీదుగా పోయే వేగరహదారి గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వేను తూర్పుకు పొడిగించి స్కార్‌బరో దాకా తీసుకుపోవాలని 1950ల నుంచి ప్రణాళికలు సాగాయి. దారికి అడ్డమొస్తాయని కొన్ని ఇళ్లు కూడా కొన్నారు. టొరంటోలో 1970ల తొలినాళ్లలో ఎక్స్‌ప్రెస్‌వేల మీద పౌరుల వ్యతిరేకత బలపడడంతో, 1974లో ఆ ప్రణాళికను పక్కన పెట్టారు. అదే రహదారి వచ్చి ఉంటే పేటకు పడమటి ద్వారమంతా కాంక్రీటు కింద పోయేది. తూర్పుకు పోవడానికని ముందే కట్టి వదిలేసిన గార్డినర్ మొండి కొసను 2001 నాటికి కూల్చారు.

వీధి పడమటి కొసన 1874 నుంచి ఉన్న పాత వుడ్‌బైన్ (తర్వాతి పేరు గ్రీన్‌వుడ్) గుర్రప్పందాల మైదానం 1993 చివరి రోజున మూతపడింది. ఆ స్థలంలో పాత వీధుల తీరునే అనుసరించి కొత్త ఇళ్లు, ఒక పార్కు వచ్చాయి. ఆ దశాబ్దంలోనే కంటికి కనిపించని ఒక పని కూడా జరిగింది. పాత నగరంలో వాననీరు, మురుగు ఒకే గొట్టంలో పోతాయి కాబట్టి గట్టి వాన పడితే మురుగు పొంగి సరస్సులో కలిసేది. ఈతకు పనికిరాదన్న బోర్డులు తీరం మీద మాటిమాటికీ వెలిసేవి. ఆ పొంగును ఆపి, వాన తగ్గాక శుద్ధి కేంద్రానికి పంపేందుకు తీరం అడుగున భారీ తొట్లు కట్టారు. నేడు పైన జనం వాలీబాల్ ఆడుకుంటారు; కింద ఆ తొట్లు పనిచేస్తుంటాయి. వుడ్‌బైన్ తీరానికి శుభ్రతకు గుర్తుగా అంతర్జాతీయ నీలి పతాకం దక్కడంలో ఆ తొట్ల పాత్ర చాలా ఉంది.

'బీచ్' అనాలా, 'బీచెస్' అనాలా అని పేరు విషయంలో జరిగిన తగువు క్లుప్తంగా. వుడ్‌బైన్, క్యూ, స్కార్‌బరో, బామీ అని తీరం నాలుగు ముక్కలు కాబట్టి బహువచనం సరైనదని ఒక వర్గం, పేట ఒకటే కాబట్టి ఏకవచనమేనని మరో వర్గం. 2006లో వీధి పలకల కోసం వర్తక సంఘం ఓటు పెడితే ఏకవచనానికి 58 శాతం వచ్చింది. అప్పట్లో సంఘం సొంత పేరులో మాత్రం బహువచనమే ఉండేది.

పేరుకంటే బరువైన వివాదం ఎత్తు గురించి. 2010ల తొలినాళ్లలో క్వీన్ వీధి మీద ఆరంతస్తుల కట్టడం ప్రతిపాదన వచ్చినప్పుడు నివాసులు గట్టిగా ఎదిరించారు. దాని ఫలితంగా 2012లో నగరం ఈ వీధికి ప్రత్యేక నిర్మాణ మార్గదర్శకాలు ఆమోదించింది. వీధి ముఖాన పాత దుకాణాల ఎత్తును పాటించాలని, పై అంతస్తులు వెనక్కి జరగాలని వాటి సారాంశం. నేను ఈ వీధి అందాన్ని మెచ్చుకునేవాణ్ణే. అయినా ఎత్తును కట్టడి చేయడం అంటే కొత్త కుటుంబాల సంఖ్యను కట్టడి చేయడమే అన్న మాట ఒప్పుకోక తప్పదు. ఈ వీధి బలం మొదటి నుంచీ దుకాణాల పైనున్న చిన్న అద్దె ఇళ్లలో ఉంది; ఆ ఇళ్లు పెరగకుండా చుట్టూ ఇళ్ల ధరలు పెరిగితే, ఒడ్డు ప్రజలదే అయినా దాని పక్కన బతికే అవకాశం కొద్దిమందికే మిగులుతుంది.

తీరానికి వచ్చేవారిలో మాత్రం ఆ ఇరుకు లేదు. 1989 నుంచి ఏటా జులైలో జరిగే జాజ్ ఉత్సవానికి వీధిని వాహనాలకు మూసేస్తారు, ప్రవేశం ఉచితం. 2015 నుంచి చలికాలంలో ఈతగాళ్ల గస్తీ కుర్చీల చుట్టూ కళాకారులు నిర్మాణాలు కట్టడంతో, మంచు పడే ఫిబ్రవరిలో కూడా ఒడ్డుకు జనం వస్తున్నారు. ఇక్కడికి వాయవ్యాన, ట్రామ్ దూరంలో ఉన్న జెరార్డ్ వీధి భారతీయ బజారు ఒక సినిమా హాలుతో మొదలైంది. 1970లలో అక్కడ హిందీ సినిమాలు వేయడంతో చుట్టూ దుకాణాలు వెలిశాయి. మిసిసాగా, బ్రాంప్టన్, స్కార్‌బరోలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు వేసవి ఆదివారాల్లో వుడ్‌బైన్ తీరం పరిచయమైన చోటే.

సరస్సు మాత్రం తన హక్కు వదులుకోలేదు. సెయింట్ లారెన్స్ నది మీద 1958లో పూర్తయిన ఆనకట్ట ద్వారా ఒంటారియో సరస్సు మట్టాన్ని కెనడా, అమెరికాల ఉమ్మడి కమిషన్ నియంత్రిస్తుంది. అయినా ఎగువ సరస్సుల నుంచి వచ్చే నీరు, వసంతకాలపు వానలు ఒకేసారి కూడితే నియంత్రణ చాలదు. 2017 మేలో సరస్సు మట్టం సముద్రమట్టం కంటే 75.88 మీటర్ల ఎత్తుకు, 2019 జూన్‌లో 75.92 మీటర్లకు చేరి, రెండుసార్లూ వుడ్‌బైన్ ఇసుకలో పెద్ద భాగం నీట మునిగింది. 1932కు ముందైతే అలాంటి ఏడాది ఒడ్డు వరుస ఇళ్లు పోయేవి. ఈసారి మునిగినవి ఇసుక, వాలీబాల్ మైదానాలు, నడకదారి ముక్కలు. అప్పుడు తీసిన ఖాళీ నేల నీటికీ ఇళ్లకూ మధ్య అడ్డుగా నిలిచింది. ఎత్తున ఉన్న క్వీన్ వీధి మీద దుకాణాలు యథావిధిగా తెరుచుకున్నాయి.